దసరా కానుకగా ఒక మంచి పానా: బండంటే పానం పెట్టేవాళ్లకు ఏం కొనాలి, ఎలా కొనాలి

మా బాపు బండ్ల మెకానిక్. పోచమ్మ మైదాన్ దగ్గర రేకుల షెడ్డు ఉండేది. ఏటా మహర్నవమి పొద్దున షెడ్డులో ఉన్న పానాలన్నీ కిరసనాయిల్ డబ్బాలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పాత లుంగీ గుడ్డతో తుడిచి, గోనెసంచి మీద సైజు ప్రకారం పేర్చడం నా పని. చిన్న 8 నంబరు (8 మిల్లీమీటర్లు) నుంచి పెద్ద 32 దాకా వరుస కుదిరాక బాపు వచ్చి ఒక్కోదానికి బొట్టు పెట్టేవాడు. పెడుతూ పెడుతూ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసి పక్కకు తీసేవాడు. "దీని మూతి సాగింది బిడ్డా, ఇగ ఇది బోల్టులను తింటది" అనేవాడు. ఆ ఏడు దాని జాగాలో కొత్తది వచ్చేది. ఒక్కటే వచ్చేది. కానీ షెడ్డు మొత్తంలో మంచి పానా అదే అయ్యేది.

ఇప్పుడు దసరా దగ్గర పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా ఆయనకు బండంటే పానం. ఏదన్న సామాను కొనిస్తే మంచిగుంటది, ఏం కొనాలె?" అని ఒకరు, "మా తమ్ముడు ఆదివారం అయితే చాలు బండి ఇప్పుకుని కూసుంటడు, వాడికేం పనికొస్తది?" అని ఇంకొకరు. అందరికీ ముందు చెప్పేది ఒకటే. దుకాణానికి పోయే ముందు బండి దగ్గరికి పోండి. ఆ బండికి కుదరనిది ఎంత ఖరీదు పెట్టి కొన్నా అటక మీదికే పోతుంది. ఏ వరుసలో పోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ఎంగిలిపూల నాటికి బండి చూడటం అయిపోవాలి

బతుకమ్మ తొమ్మిది రోజులూ మనకు లెక్క తెలుసు కాబట్టి దాన్నే క్యాలెండర్ చేసుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ లోపు బండి చూడాలి, సద్దుల బతుకమ్మ లోపు కొనాలి. ఎందుకంటే సద్దుల మర్నాడే ఆయుధ పూజ. ఆ పూజలో పెట్టలేని పనిముట్టును దసరా కానుక అని ఎట్లా అంటాం?

బండి యజమాని ఇంట్లో లేనప్పుడు ఫోన్ తీసుకుని వెళ్లి నాలుగు ఫోటోలు తీయండి.

మొదటి ఫోటో ఆర్సీది. కంపెనీ, మోడల్, తయారైన నెల, ఏడాది అందులో ఉంటాయి. ఏడాది ఎందుకంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధన వచ్చింది. అప్పటిదాకా కార్బ్యురేటర్‌తో నడిచిన చాలా బండ్లు పేరు మారకుండానే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. స్ప్లెండర్ అలాగే మారింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 2021 సెప్టెంబరులో ఇంజనే కొత్తది అయింది, దానికీ పాతదానికీ ఇంజన్ సామాను కలవదు. "క్లాసిక్‌కు వేసేది ఇయ్యండి" అని మాత్రమే అడిగితే కౌంటర్ దగ్గరి అబ్బాయి ఏదో ఒకటి ఇస్తాడు, అందులో తప్పు అతనిది కాదు.

రెండో ఫోటో చక్రానిది. కడ్డీల చక్రమా, అల్లాయ్ చక్రమా? టైరు పక్క గోడ మీద ట్యూబ్‌లెస్ అని అచ్చు వేసి ఉందా? ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. టైరు మీద ట్యూబ్‌లెస్ అని రాసి ఉన్నా, చక్రం కడ్డీలది అయితే లోపల చాలావరకు ట్యూబే ఉంటుంది, ఎందుకంటే కడ్డీలు దిగిన రంధ్రాల్లోంచి గాలి పోతుంది. పంక్చర్ కిట్ కొనేవాళ్లు పడే పొరపాట్లలో సగం ఇక్కడే.

మూడోది చైన్. పూర్తిగా రేకు డబ్బాలో మూసి ఉందా, బయటికి కనబడుతుందా? కనబడితే దగ్గరగా తీయండి. లింకు లింకుకూ మధ్య సన్నటి నల్ల రబ్బరు వలయాలు ఉన్నాయేమో తర్వాత పెద్దది చేసి చూసుకోవచ్చు.

నాలుగోది సీటు కింద, లేదా పక్క మూత వెనక ఉండే టూల్ సంచి. తెరిచి చూడండి. చాలా బండ్లలో అక్కడ ఏమీ ఉండదు. సెకండ్ హ్యాండ్ బండ్లలో అయితే అసలే ఉండదు. అది ఖాళీగా కనబడితే మీ పని సగం తేలికైనట్టే. షోరూం స్పేర్స్ కౌంటర్‌కు పోయి ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే టూల్ కిట్ అడగండి. పెద్ద ఖరీదు ఉండదు. ఆ బండికి దారిలో అవసరపడే సైజులు అందులో ఉంటాయి, పెట్టడానికి జాగా కూడా బండిలోనే ఉంది.

డబుల్ స్టాండ్ ఉందో లేదో కూడా అప్పుడే చూసి పెట్టుకోండి.

ఆ తర్వాత మనిషిని చూడండి

బండి పిచ్చి అందరిదీ ఒకటి కాదు. ఇంటి ముందు పీట వేసుకుని ఆయిల్ తనే మార్చుకునేవాళ్లు కొందరు. శనివారం వచ్చిందంటే ములుగు రోడ్డు పట్టి రామప్ప, లక్నవరం, బొగత అని తిరిగేవాళ్లు కొందరు. వీళ్లకు పానా పట్టడం తెలియకపోవచ్చు, కానీ తాడ్వాయి అడవిలో పంక్చరైతే ఏం చేయాలన్నదే వాళ్ల బాధ. ఇంకొందరు తుడవడంలోనే ఉంటారు, ట్యాంకు మీద చెయ్యి ఆనిస్తే ఊరుకోరు. దుకాణంలో మెరిసే వస్తువు చూసి వీళ్లలో ఎవరికి సరిపోతుందో చెప్పడం కష్టం. అందుకని ఒక దగ్గరి దారి చెబుతాను, నాకు తెలిసినంతలో దీనికి మించింది లేదు.

వాళ్ల మెకానిక్‌ను అడగండి. "అన్నా, మా తమ్ముడు నీ దగ్గర ఏం సామాను అడుక్కపోతడు?" అనండి చాలు. అడిగి తీసుకుపోయి రెండు రోజుల తర్వాత తెచ్చిచ్చే పనిముట్టు ఏదో, వాళ్లకు నిజంగా అవసరమైంది అదే. బాపు షెడ్డుకు ఇట్లాంటి కుర్రాళ్లు వారానికి ఇద్దరన్నా వచ్చేవాళ్లు. వాళ్లు పట్టుకుపోయేది ఎక్కువగా 10 నంబరు టీ పానా (ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉండేది), స్పార్క్ ప్లగ్ విప్పే పానా. ఆ రెండింటి జాగా షెడ్డు గోడ మీద ఎప్పుడూ ఖాళీగానే కనబడేది.

పానాలు కొనేటప్పుడు

సూట్‌కేసులో నూట ఎనిమిది ముక్కలు, ధర చూస్తే హోటల్ బిర్యానీ రెండు పార్సిళ్లంత. ఆ పెట్టె కొనకండి. అందులో సగం కార్లకు, కుర్చీలకు, అలమార్లకు పనికొచ్చే ముక్కలు. మిగతా సగం మెత్తటి ఇనుము. గట్టిగా బిగిసిన నట్టు మీద పెట్టి లాగితే పానా మూతి తెరుచుకుంటుంది, నట్టు మూలలు అరిగి గుండ్రంగా అవుతాయి. ఆ తర్వాత దాన్ని విప్పాలంటే ఉలి, సుత్తి కావాలి. పానా ధర మిగులుతుంది, బండి బాధ పెరుగుతుంది.

అదే డబ్బుతో నాలుగు మంచి టీ పానాలు కొనండి. 8, 10, 12, 14. మన దగ్గర తిరిగే హీరో, హోండా, యమహా బండ్ల మీద చేతికి అందే బోల్టుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలోనే వస్తాయి. సైలెన్సర్ బిగింపు, పక్క మూతలు, హ్యాండిల్, ఇంజన్ కవర్లు అన్నీ. వెనక చక్రం నట్టుకు పెద్ద పానా వేరే కావాలి, అది బండిని బట్టి మారుతుంది. దాని సైజు మెకానిక్‌ను అడిగి రాసుకోండి.

దుకాణంలో నిలబడి మంచిదో కాదో తెలుసుకోవడం కష్టం కాదు. ఇంటి నుంచి ఒక మంచి 10 నంబరు బోల్టు జేబులో వేసుకుని పోండి. పానా నోట్లో పెట్టి అటూ ఇటూ కదపండి. కాస్త కదలిక ఉండాలి, కానీ టకటక ఊగకూడదు. సాకెట్ (బోల్టు తలను గిన్నెలా కప్పే మూతి) అయితే లోపలికి చూడండి, ఆరు మూలలదా, పన్నెండు మూలలదా అని. ఆరు మూలలది తీసుకోండి. అది బోల్టు పక్కలను పట్టుకుంటుంది, పన్నెండు మూలలది అంచులను పట్టుకుంటుంది. పాతబడి తుప్పుపట్టిన బోల్టు మీద ఆ తేడా తెలుస్తుంది. క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు) అన్న గుర్తు, కంపెనీ పేరు, సైజు ఇనుములోనే అచ్చుపడి ఉండాలి, స్టిక్కర్ మీద కాదు. తాపారియా, స్టాన్లీ లాంటివి మామూలు హార్డ్‌వేర్ దుకాణాల్లో కూడా దొరుకుతాయి, అవి చాలు. వరంగల్‌లో దొరకని సైజు ఏదైనా ఉంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ పోతే ఆ ఒక్క బజారులోనే పూట గడిచిపోతుంది. బాపు ఏడాదికోసారి నన్ను తీసుకుపోయేవాడు.

స్క్రూ డ్రైవర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది మెకానిక్‌లకు కూడా తెలియదు. స్టార్ స్క్రూ అని మనం పిలిచేవాటిలో రెండు జాతులున్నాయి. ఫిలిప్స్ ఒకటి, జపాన్ ప్రమాణం ప్రకారం చేసే జేఐఎస్ ఇంకొకటి. చూడటానికి రెండూ ప్లస్ గుర్తే. జపాన్ కంపెనీల బండ్ల మీద, ముఖ్యంగా పాత యమహాలు, హోండాల మీద ఉండేది జేఐఎస్. దానిలో ఫిలిప్స్ డ్రైవర్ పెడితే పూర్తిగా అడుగు దాకా దిగదు, బలం పెట్టగానే పైకి తన్ని జారుతుంది, స్క్రూ నోరు గిన్నెలా అయిపోతుంది. కార్బ్యురేటర్ గిన్నె స్క్రూలు, ఇంజన్ కవర్ స్క్రూలు ఇట్లాగే పాడవుతాయి. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క గానీ, గుంట గానీ ఉంటుంది. ఆర్‌ఎక్స్ 100ను ఇంకా బిడ్డలాగా చూసుకునేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, రెండో నంబరు జేఐఎస్ డ్రైవర్ ఒకటి తెప్పించి ఇవ్వండి. ఆన్‌లైన్‌లో వెతకాల్సి రావచ్చు, వారం ముందే చూసుకోండి. ఆ బండికి సామాను కొనే సాహసం మాత్రం చేయకండి. 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. మార్కెట్లో కంపెనీ సామాను పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి, ఏది అసలుదో దాని యజమాని కంటే మనకెక్కువ తెలియదు.

టార్క్ రెంచ్: ఎవరూ అడగని కానుక

మా తమ్ముడి బండికి బయట ఒక షాపులో ఆయిల్ మార్పించాడు. మళ్లీ మార్చే సమయానికి తనే చేసుకుందామని ఇంటి ముందు కింద బోల్టు విప్పాడు. బోల్టుతో పాటు సన్నటి వెండి తీగలాంటిది చుట్టుకుని వచ్చింది. ఇంజన్ కింది భాగం అల్యూమినియం, బోల్టు ఉక్కు. ముందటిసారి ఎవరో ఒంటి బరువంతా వేసి బిగించారు, లోపలి థ్రెడ్డు అప్పుడే తెగింది. పెద్ద రంధ్రం చేసి, అందులో ఉక్కు తీగ చుట్టను కూర్చి, కొత్త థ్రెడ్డు చేయించడానికి రెండు రోజులు పట్టింది. బాపు ఆ తీగను వేలికి చుట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

ఆ ఏడు దసరాకు వాడికి టార్క్ రెంచ్ కొన్నాను. బోల్టును ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకునే పానా అది. ఆ బలం రాగానే చేతికి టక్కుమని తెలుస్తుంది, అక్కడ ఆపాలి. లెక్క న్యూటన్ మీటర్లలో ఉంటుంది. 25 న్యూటన్ మీటర్లు అంటే పావు మీటరు పొడవు పానా చివర సుమారు పది కిలోల బరువు వేలాడదీసినంత బలం. అదే పానా మీద మనిషి ముప్పై కిలోల బరువు ఆనిస్తే 74 దగ్గరికి పోతుంది. ఆయిల్ బోల్టు ఎందుకు తెగిందో ఈ లెక్కలోనే ఉంది.

కొనేటప్పుడు చూడాల్సింది ఎంత నుంచి ఎంత దాకా కొలుస్తుంది అన్నది. కార్ల షాపుల్లో దొరికేది 40 నుంచి 200 పైచిలుకు దాకా ఉంటుంది. అది బండికి పెద్దది, చిన్న బోల్టుల దగ్గర పనికిరాదు. 10 నుంచి 60 దగ్గరలో ఉండే, మూడెనిమిదోవంతు అంగుళం తలకాయ ఉన్నది తీసుకోండి. ఆయిల్ బోల్టు, ప్లగ్గు, హ్యాండిల్ బోల్టులు చాలావరకు అందులోకే వస్తాయి. ఏ బోల్టుకు ఎంత అన్నది ఆ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీని అచ్చు తీయించి, లామినేషన్ చేయించి, రెంచ్‌తో పాటు పెట్టి ఇస్తే కానుక పూర్తయినట్టు. కొనిచ్చేటప్పుడు మూడు మాటలు కూడా చెప్పండి. దీంతో విప్పకూడదు, బిగించడానికి మాత్రమే. పని అయ్యాక స్ప్రింగు మీద ఒత్తిడి పోయేలా కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి, అంతకంటే కిందికి పోనివ్వకూడదు. కింద పడేస్తే లెక్క తప్పుతుంది. ఖరీదు ఎక్కువే, రెండు మూడు వేలు పెట్టాలి. అక్కాచెల్లెళ్లు ముగ్గురు కలిసి కొనొచ్చు, మేం అట్లాగే కొన్నాం.

దూరాలు తిరిగేవాళ్లకు

163వ జాతీయ రహదారి మీద ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయేవాళ్లకు చిన్న సామానే పెద్ద ధైర్యం. బండి ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్ ఇవ్వండి. అందులో రంధ్రం శుభ్రం చేసే గరుకు సూది, పట్టీ దూర్చే కన్నం సూది, నల్లటి జిగురు పట్టీలు, కోసే కత్తి ఉండాలి. సూదుల పిడి టీ ఆకారంలో, ఇనుముతో ఉన్నదే తీసుకోండి. ప్లాస్టిక్ పిడి బలం పెట్టగానే చేతిలోనే విరుగుతుంది, అరచేయి కోసుకుంటుంది. పట్టీలు పాతబడితే ఎండిపోతాయి కాబట్టి ప్యాకెట్ మీద తేదీ చూడండి. ఇచ్చిన రోజే ఒక పాత టైరు ముక్క మీద ఒకసారి చేసి చూపమనండి. మొదటి పంక్చర్ చీకట్లో, వానలో నేర్చుకోవడం కంటే వాకిట్లో నేర్చుకోవడం నయం.

కడ్డీల చక్రం, లోపల ట్యూబ్ ఉన్న బండికి ఆ కిట్ పనికిరాదు. దానికి టైరు ఊడదీసే సన్నటి పట్టె పానాలు రెండు, ట్యూబ్ అతుకులు, సొల్యూషన్, ఇంకా మంచిది అయితే అదే సైజు కొత్త ట్యూబ్ ఒకటి. సైజు టైరు మీద ఉంటుంది, మీ దగ్గర ఫోటో ఉంది కదా.

ఏ రకం అయినా గాలి కావాలి. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి మిషన్లు ఇప్పుడు బాగా వచ్చాయి. రీఛార్జ్ చేసుకునేది తీసుకోండి. బండి బ్యాటరీకి తగిలించేది వద్దంటాను, ఎందుకంటే వంద సీసీ బండిలో బ్యాటరీ మూడు నాలుగు ఆంపియర్ అవర్లదే, గాలి నిండే లోపు అది నీరసిస్తుంది. అంత డబ్బు లేకపోతే గాలి ఎంత ఉందో చూపే గేజ్ ఒక్కటి ఇచ్చినా మంచి కానుకే. ఎంత గాలి ఉండాలో చైన్ కవర్ మీదనో, వెనక చక్రం పట్టుకునే చేయి మీదనో స్టిక్కర్ ఉంటుంది, ఒక్కరు ఉంటే ఎంత, ఇద్దరు ఉంటే ఎంత అని విడివిడిగా. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

రామప్ప గుడి దగ్గర చెట్టు కింద బండ్లు ఆపుకుని ఉన్న పిల్లలు ఒకరి గేజ్ నలుగురు వాడుకోవడం నేను చూశాను. ఐదు వందల లోపు వస్తువు అది.

చైన్, ఆయిల్, ఇతర సామాను

చైన్ బయటికి కనబడే బండి అయితే మూడు వైపులా రుద్దే బ్రష్షు, క్లీనర్, లూబ్ కలిపి ఇవ్వండి. వానాకాలం అయిపోయి దసరా వచ్చేసరికి మన రోడ్ల బురద, ఇసుక ఆ చైన్‌లోనే ఉంటాయి. లింకుల మధ్య నల్ల రబ్బరు వలయాలు కనబడ్డాయనుకోండి, అది ఓ-రింగ్ చైన్, దాన్ని పెట్రోల్‌తో కడగొద్దని చెప్పండి. రబ్బరు పాడవుతుంది, లోపల కంపెనీ నింపిన గ్రీజు పోతుంది. లూబ్ డబ్బా మీద ఓ-రింగ్ చైన్‌కు పనికొస్తుందని రాసి ఉందేమో చూసి కొనండి. బండి తిప్పి వచ్చాక, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు, లోపలి వైపు నుంచి కొట్టాలి. టైరు మీద, డిస్క్ మీద పడకూడదు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా. ఇంజన్ ఆన్ చేసి, గేరు వేసి, చైన్ తిరుగుతుంటే బ్రష్షు పెట్టేవాళ్లున్నారు. బాపు దగ్గరికి అట్లా చేసి వేలు పోగొట్టుకున్న అబ్బాయి వచ్చాడు. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని. బ్రష్షు ఇచ్చే చేత్తోనే ఈ మాట చెప్పండి.

డబుల్ స్టాండ్ లేని డ్యూక్, ఆర్15 లాంటి బండ్లకు వెనక చక్రం లేపే ప్యాడక్ స్టాండ్ అందుకే కావాలి. డబుల్ స్టాండ్ ఉన్నవాళ్లకు అది జాగా దండగ.

ఇంజన్ ఆయిల్ కానుకగా ఇవ్వొచ్చా అని అడుగుతారు. ఇవ్వొచ్చు, మాన్యువల్‌లో రాసిన చిక్కదనం అయితేనే. హీరో, హోండా బండ్లకు ఎక్కువగా 10డబ్ల్యూ-30, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50. డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, క్లచ్ జారకుండా ఉండే బండి ఆయిల్ అని చెప్పే జపాన్ గుర్తు అది. బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్ మంచిదని పోస్తే అందులో ఉండే జారుడు మందుల వల్ల క్లచ్ జారుతుంది. గేర్లు లేని స్కూటీకి క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ అని ఉన్నది వేరే వస్తుంది.

సామాను కొనాలనుకుంటే అరిగిపోయి మార్చేవాటినే కొనండి. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ కేబుల్. ఆర్సీ ఫోటో చూపించి పార్ట్ నంబర్ రాయించుకోండి. ప్యాకెట్ మీద నంబరు, ఎంఆర్‌పీ, హోలోగ్రాం చూడండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, మార్చుకోవాల్సి రావచ్చు. బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో వేసుకోనివ్వకండి, తెలిసిన మెకానిక్ దగ్గరే వేయించాలి. బ్రేక్ ఆయిల్ అయితే చిన్న సీసానే, మూత తీశాక అది గాలిలోని తేమను తాగుతుంది.

పెద్ద చప్పుడు సైలెన్సర్, ప్రెషర్ హారన్, ఎదుటివాళ్ల కళ్లు మూసేసే లైట్లు మాత్రం ఎంత అడిగినా కొనివ్వకండి. పోలీసులు సైలెన్సర్లు పీకి రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫోటోలు పేపర్లో చూసే ఉంటారు. వైరింగ్ కోసి తగిలించిన లైట్లకు వారంటీ పోతుంది. అర్ధరాత్రి వీధిలో పసిపిల్ల ఉలిక్కిపడి లేచే చప్పుడును పండగ కానుక అనలేను.

చిన్న డబ్బుతో అయ్యేవి రెండున్నాయి. ఒకటి అయస్కాంతం గిన్నె, విప్పిన నట్లు కాలువలో పడకుండా ఉంటాయి. రెండోది మల్టీమీటర్. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేసి కొంచెం రేజ్ ఇస్తే 14 దగ్గర చూపాలి. అంతకు తక్కువ చూపిస్తే లోపం ఎక్కడో వెతకడానికి దారి దొరికినట్టే.

హెల్మెట్

ఇది పనిముట్టు కాదు, అయినా వదిలేయలేను. 2021 జూన్ నుంచి బీఐఎస్ ధ్రువీకరణ, అంటే ఐఎస్ఐ గుర్తు లేని బండి హెల్మెట్ అమ్మడమే నేరం. రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేవాటి మీద స్టిక్కర్ ఉన్నా నమ్మకండి. కొలత కోసం టైలర్ టేపు తీసుకుని, కనుబొమల పైనుంచి తల వెనక భాగం ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టి, సెంటీమీటర్లలో రాసుకోండి. నిద్రపోతున్నప్పుడు కొలిచిన ఆడవాళ్లు నాకు తెలుసు. పెట్టుకుంటే బుగ్గలు కొంచెం నొక్కాలి, తల తిప్పితే హెల్మెట్ కూడా కలిసి తిరగాలి. మార్చుకునే వీలున్న దుకాణంలోనే కొనండి. ఒకసారి కింద గట్టిగా పడ్డ హెల్మెట్ వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే, ఈ దసరాకు పైన రాసినవన్నీ పక్కన పెట్టి ఇదే కొనండి.

కొత్తవాడ జంపఖానాతో పానాల చుట్ట

పానాలను మెరిసే కాగితంలో చుట్టకండి. కొత్తవాడ నేతన్నల దగ్గర ఒక జంపఖానా తీసుకోండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ దళసరి నూలు గుడ్డ పానా బరువుకు చిరగదు. 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవు ముక్క కోయించి, అంచులు కుట్టించండి. కింది నుంచి 18 సెంటీమీటర్లు పైకి మడవండి. ఆ మడత మీద ఐదేసి సెంటీమీటర్లకు ఒక నిలువు కుట్టు వేస్తే తొమ్మిది జేబులు వస్తాయి. మందం వల్ల ఇంటి మిషన్ మీద సూది విరగొచ్చు, సంచులు కుట్టే టైలర్ దగ్గరికి తీసుకుపోండి. ఒక పక్క మధ్యలో మూరెడు నాడా కుట్టించండి, చుట్టి కట్టుకోవడానికి. పానాలు పెట్టాక పై భాగాన్ని వాటి మీదికి మడిస్తే బండి కుదుపుకు జారిపడవు. నూలు తేమను పట్టుకుంటుంది కాబట్టి పానాలకు పలచగా నూనె తుడిచి పెట్టమని చెప్పండి.

నవమి నాడు

కానుకను సద్దుల బతుకమ్మ రాత్రే ఇచ్చేయండి. పొద్దున్నే బండి కడిగి, నిమ్మకాయలు, గుమ్మడికాయ, బంతిపూల దండ సిద్ధం చేసే హడావుడిలో అది మూలన పడకూడదు. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు వాడరు, జమ్మి ఆకు పంచుకునే దసరా రోజు కూడా మెకానిక్ షెడ్లు మూసే ఉంటాయి. ఆ రెండు రోజుల్లో బండి విప్పాల్సిన పని పెట్టుకోవద్దని ముందే చెప్పండి.

బొట్టు పిడికి పెట్టాలి, మూతికి పెట్టకూడదు. తడి పసుపు, కుంకుమ పానా నోట్లో ఎండితే రెండు రోజుల్లో అక్కడ తుప్పు చుక్క వస్తుంది. టార్క్ రెంచ్ అయితే దాని డబ్బా మూతకు పెడితే చాలు. పండగ మర్నాడు పొద్దున పొడి గుడ్డతో ఒకసారి, నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, జంపఖానా జేబుల్లో చిన్నది నుంచి పెద్దది దాకా వరుసగా పెట్టించండి.